వాసనకి బొమ్మ ఎలా వెయ్యాలి: పర్లాకిమిడి పిల్లల కోసం చేసిన ఒక బొమ్మల పుస్తకం, కేస్ స్టడీ

పుస్తకం మొత్తం కలిపి 24 మాటలు. కవరు కాకుండా 16 పేజీలు. దీనికి పద్నాలుగు నెలలు పట్టిందంటే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు, రోజుకో మాట రాసినా నెల తిరక్కుండా అయిపోవాలి కదా అని మా తమ్ముడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అందుకే ఎక్కడెక్కడ తప్పు చేశానో, ఏది ఎందుకు మార్చానో మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నా, పిల్లల పుస్తకాలు చెయ్యాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

ముందు ఊరి సంగతి. పర్లాకిమిడి, బోర్డుల మీద పర్లాఖెముండి అని ఉంటుంది, ఒడిశా గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. మా అమ్మ పుట్టిల్లు ఇక్కడే. మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చూపిస్తే కుదురుగా చదవలేరు. రిటైరైన మాస్టారొకాయన తన వరండాలో సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు నేర్పుతుంటారు, ఆయనే నన్ను పట్టుకున్నారు. "ఏమ్మా, బొమ్మలేస్తావు కదా, వీళ్ళకో పుస్తకం చేసిపెట్టు, ఉన్న పుస్తకాలిస్తే రెండు పేజీలు తిప్పి తిరిగిచ్చేస్తన్నారు" అన్నారు. ఆయన అడిగింది అంతే. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు, అక్షరాలు సగం సగం వచ్చినవాళ్ళు.

నేను చేసిన మొదటి తప్పు, కూర్చుని కథ రాసెయ్యడం. మహేంద్రగిరి, మహేంద్రతనయ, సంత, తాత, మనవరాలు, పనసపండు, అన్నీ పెట్టి మూడొందల పైచిలుకు మాటల కథ రాశా, మధ్యలో "పంచుకుంటే పెరుగుతుంది" అని ఒక నీతి కూడా దూర్చా. వరండాలో చదివి వినిపిస్తే రెండో పేరాకే ఒకడు బల్లిని చూస్తున్నాడు, ఇంకొకడు పక్కవాడి చెవి లాగుతున్నాడు. కథ బాగోలేక కాదనుకుంటా (కొంచెం బాగోలేదు కూడా), బొమ్మ చెయ్యాల్సిన పని మాటే చేసేస్తే ఇక పిల్లలకి చూడ్డానికేం మిగుల్తుంది? "తాత పెద్ద మీసాలతో, ఎర్ర తువ్వాలు చుట్టుకుని, గోనె భుజాన వేసుకుని నడుస్తున్నాడు" అని రాసి, పక్కన అదే బొమ్మ వేస్తే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టే.

కథలో నిలబడిన ముక్క ఒక్కటే. తాత సంతలో పనసపండు కొని, వీధివాళ్ళెవరికీ పెట్టకుండా మనవరాలితో కలిసి ఇంట్లో తిందామని గోనెలో దాచి తీసుకెళ్తాడు. పనసపండు దాస్తే దాగుతుందా? బాగా పండిందైతే నాలుగిళ్ళ అవతలకి కబురెళ్తుంది. ఆ ముక్క పట్టుకుని మిగతాదంతా కొట్టేశా. మాట ఒకటి చెప్తుంది, బొమ్మ దానికి అడ్డంగా ఇంకోటి చెప్తుంది. ఇది పాత కిటుకే, నేను కనిపెట్టిందేం కాదు, కానీ ఈ పిల్లలకి సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే చదవలేని పిల్లకే చదివేవాళ్ళకంటే ఎక్కువ తెలుస్తుంది. చివరికి మిగిలిన మాటలివే:

సంతలో తాత పెద్ద పనసపండు కొన్నాడు.
"ఎవులికీ సెప్పకు" అన్నాడు. గోనెలో పెట్టాడు.
ఎవరూ చూడలేదు.
ఎవరికీ తెలీలేదు.
రైలు వెళ్ళేదాకా ఆగారు.
ఇంటికొచ్చి తలుపేశారు.
"అమ్మయ్య, మనిద్దరమే."
రేపు పిక్కల కూర.

"ఎవరూ చూడలేదు" అన్న చోట బొమ్మలో తాత వెనక ఒక కుక్క. "ఎవరికీ తెలీలేదు" అన్న చోట కుక్క వెనక మేక, మేక వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ళ వెనక ఒక ఆవు, ఆవు మీద కాకి. మాటల్లో వీళ్ళ ఊసే ఉండదు.

పేజీల లెక్క తెలియనివాళ్ళకి చిన్న వివరం. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు నాలుగు పెరగాలి, ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలు కాబట్టి. 16 పేజీల్లో మొదటిది పేరు పేజీ, చివరిది ఒంటి పేజీ, మధ్యలో 2 నుంచి 15 దాకా ఏడు స్ప్రెడ్లు, అంటే ఎదురెదురు పేజీల జతలు. పైన రాసిన ఎనిమిది వరసలు ఏడు స్ప్రెడ్లకీ, చివరి పేజీకీ సరిపోయాయి. నేను ఏ4 కాగితం మీద అగ్గిపెట్టెలంత గళ్ళు గీసుకుని మొత్తం పుస్తకం ఒకే చూపులో కనబడేలా పెన్సిల్ బొమ్మలు వేసుకున్నా, తర్వాత అసలు పుస్తకం సైజులో కాగితాలు మడిచి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, కుట్టుకున్నా. డమ్మీ లేకుండా కంప్యూటర్లోనే పేజీలు పేర్చుకునేవాళ్ళని చూస్తే నాకు భయం. పేజీ తిప్పడమనేది చేత్తో చేసే పని, తిప్పేముందు ఏం దాచాలో తిప్పాక ఏం బయటపెట్టాలో చేతికే తెలుస్తుంది. "ఇంటికొచ్చి తలుపేశారు" దగ్గర మూసిన తలుపు మాత్రమే వేశా, బయట ఎవరూ లేరు, వీధంతా ఖాళీ. తిప్పితే లోపల తాత, మనవరాలు, పీట మీద పండు, వెనక కిటికీ నిండా ముక్కులు.

ఇక ముక్కుల సంగతి. అసలు ఈ కేస్ స్టడీ రాస్తున్నదే దీని కోసం.

వాసన కనపడదు. మొదటి డమ్మీలో నేను చాలామంది వేసేదే వేశా, గోనెలోంచి పసుపు రంగు మెలికల గీతలు గాల్లోకి లేస్తున్నట్టు. నాకు చాలా బావుందనిపించింది, రంగు కూడా పండు తొన రంగే కలిపా. వరండాలో డమ్మీ తెరిస్తే ఆరేళ్ళ పాప ఒకతి "అప్పా, పండు కాలిపోతందేటి?" అంది (ఇక్కడ అప్ప అంటే అక్క). ఇంకొకడు "కాదొలే, పాము" అన్నాడు. అక్కడున్న పదకొండు మందిలో ఒక్కరు కూడా వాసన అనలేదు. అప్పుడర్థమైంది, ఆ మెలికల గీత అనేది కామిక్కులూ కార్టూన్లూ చూసి చూసి మనం నేర్చుకున్న గుర్తు, అక్షరం లాంటిదే, అది నేర్చుకోనివాడికి గీత గీతే. అక్షరం రానివాళ్ళ కోసం పుస్తకం చేస్తూ ఇంకో లిపి పెట్టానన్నమాట.

రెండోసారి పండు చుట్టూ ఈగలు వేశా. ఈగలైతే అందరికీ తెలిశాయి గానీ "కుళ్ళిపోయిందా?" అన్నారు. కుళ్ళిన పండు కోసం ఆవు దాకా ఎవడు వెంటబడతాడు, కథే పోయింది.

మూడోసారి ఇంట్లో నిజంగానే ఒక పండు పెట్టుకుని కూర్చున్నా, ఎలాగూ సీజను, మే నెల. మూడో రోజుకి వాసన గది దాటి వీధిలోకి వెళ్ళింది. పాలు పోయడానికొచ్చిన ఆవిడ గుమ్మంలో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కు పైకెత్తి, గడ్డం కొంచెం ముందుకి చాపి, కళ్ళు సగం మూసి, "పనసపండు తెచ్చారేటి?" అంది. అదే! పండు దగ్గర ఏమీ వెయ్యక్కర్లేదు, అవతలివాళ్ళ మొహం మీద వేస్తే చాలు. కుక్క మూతి పైకెత్తి ఉంటుంది, మేక పై పెదవి మడిచి ఉంటుంది, కాకి మెడ సాగుతుంది, ఆవు ముక్కు రంధ్రాలు పెద్దవవుతాయి. మెలికలన్నీ తీసేసి ముక్కులు మాత్రమే పెంచా. నాలుగో స్ప్రెడ్డులో అందరి ముక్కులూ ఏటవాలుగా గోనె వైపు తిరిగి ఉంటాయి, స్కేలు పెట్టి గీత గీస్తే అన్నీ పండు కాడ దగ్గర కలుస్తాయి. ఈసారి డమ్మీ తెరవగానే ఇందాక పండు కాలిపోతందన్న పాపే తన ముక్కు కూడా పైకెత్తింది. ఇక నేనేమీ అడగలేదు.

కాడ అన్నాను కదా, దానికీ ఒక కారణం ఉంది. రెండో స్ప్రెడ్డులో పండు గోనెలోకి వెళ్ళిపోయాక ఇక పుస్తకమంతా గోనె మూటే కనిపిస్తుంది, చిన్నపిల్లలు రెండు పేజీలకే లోపలేముందో మర్చిపోయి "బియ్యమా?" అంటున్నారు. అందుకని కాడ ముక్క ఎప్పుడూ గోనె మూతిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ముళ్ళ తోలు రవ్వంత కనబడుతుంది. సైజు కూడా ఇబ్బంది పెట్టింది, ఒక పేజీలో పండు మనవరాలంత, ఇంకో పేజీలో కొబ్బరికాయంత వచ్చేసింది, పెద్దవాళ్ళు పట్టించుకోలేదు గానీ ఒక కుర్రాడు "ఇది ఏరే పండు" అని తేల్చేశాడు. చివరికి తాత, మనవరాలు, పండు ముగ్గురినీ పక్కపక్కన అట్టముక్క మీద వేసి కత్తిరించుకుని, ప్రతి పేజీ మీదా పెట్టి కొలుచుకున్నా.

నడిచే వైపు ఒకటి. తెలుగైనా ఒడియా అయినా ఎడమ నుంచి కుడికే చదువుతాం కాబట్టి, తాత కుడివైపుకి నడిస్తే ముందుకెళ్తున్నట్టు, ఎడమకి నడిస్తే వెనక్కెళ్తున్నట్టు. ఒక స్ప్రెడ్డులో బొమ్మ అందంగా కుదిరిందని ఎడమకి నడిపించా, పిల్లలు "సంతకి మళ్ళీ ఎల్తన్నాడు, ఏటో మర్సిపోనాడు" అన్నారు. బొమ్మ పక్కన పడేశా. అందమైన బొమ్మ పారెయ్యడం అలవాటు చేసుకోవాలి, నాకింకా పూర్తిగా అలవాటవలేదు, ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

రైలు విషయంలో నాది నోస్టాల్జియా రోగం. నౌపడా–గుణుపురం లైను మీద ఒకప్పుడు తిరిగిన చిన్న రైలు, నారోగేజి, రెండున్నర అడుగుల పట్టాలు, ఈ ఊరివాళ్ళకి అదంటే ప్రాణం. నేను గేటు దగ్గర పొగ వదుల్తూ ఆ రైలే వేశా. అది 2004లో ఆగిపోయింది, తర్వాత బ్రాడ్‌గేజి వేశారు, ఈ పిల్లలు అప్పటికి పుట్టనేలేదు. "ఇది బొమ్మ రైలేటి అప్పా?" అని అడిగారు. మాస్టారు మాత్రం ఆ పేజీ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, ఆ పేజీ ఉంచాలని పట్టుబట్టారు కూడా. పుస్తకం ఎవరి కోసమో ఒకసారి గుర్తు చేసుకుని మామూలు రైలు వేశా, ఒక్కో కిటికీలోంచి ఒక్కో ముక్కు. మాస్టారికి పాత రైలు బొమ్మ ఫ్రేము కట్టించి ఇచ్చా.

పండు కోసే బొమ్మకి తప్పు పట్టింది ఒక తల్లి. తాత కత్తి పట్టుకున్నాడు, మనవరాలు పళ్ళెం పట్టుకుంది, అంతా బాగానే ఉందనుకున్నా. ఆవిడ బొమ్మ చూసి "నూనె రాసుకోకుండా కోస్తే ఆ జిగురు వదుల్తాదేటి?" అంది. చేతులకీ కత్తికీ నూనె రాసుకునే కోస్తాం, నేను కూడా చిన్నప్పట్నుంచీ చూసిందే, బొమ్మ వేసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. పీట పక్కన చిన్న నూనె గిన్నె వచ్చి చేరింది.

ఒక స్నేహితుడు పేజీల అంచులకి సవర గిరిజనుల గోడ బొమ్మల బోర్డరు వేద్దాం, లోకల్ ఫ్లేవర్ వస్తుంది, అమ్ముడుపోతుంది అన్నాడు. గజపతి, రాయగడ జిల్లాల సవర ఇళ్ళల్లో గోడల మీద తెల్లగా వేసే ఆ బొమ్మలు అలంకారానికి వేసేవి కావు, పెద్దల్నీ దేవతల్నీ పిలిచి, పూజ చేసి నిలిపేవి. వాటిని మా పనసపండు చుట్టూ లేసు కుట్టినట్టు కుట్టడం నాకు నచ్చలేదు, వెయ్యలేదు. సవర పిల్లల కోసం సవర కళాకారులే పుస్తకం చేస్తే అది వేరే సంగతి.

ఇప్పుడు భాష. మాస్టారికీ నాకూ ఇక్కడే నిజంగా మాటామాటా వచ్చింది. తాత "ఎవులికీ సెప్పకు" అంటాడు, మా తాతయ్య అలాగే అనేవాడు. మాస్టారేమో "పుస్తకంలో మంచి తెలుగు ఉండాలమ్మా, అసలే వీళ్ళకి బళ్ళో తెలుగు లేదు, మనం కూడా చెడగొడితే ఎలా" అన్నారు. ఆయన బాధ నాకర్థమైంది. కానీ ఈ ఊళ్ళో ఆ మాట అనడం! గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. వాడుక భాష కోసం పండితులందరితో తగువు పెట్టుకుందీ, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇదంతా నేను మాస్టారికి చెప్పడమేంటి, ఆయనే నాకు చెప్పారు చిన్నప్పుడు. కాసేపు నవ్వుకున్నాక రాజీ కుదిరింది, తాత నోట ఊరి మాట, మిగతాది మామూలు వాడుక తెలుగు. తీరా పిల్లలు చదివేటప్పుడు "ఎవరూ చూడలేదు" అని అచ్చులో ఉన్నా "ఎవులూ సూడనేదు" అనే చదివారు, మా పంచాయితీ అంతా దండగ.

ఒడియా అక్షరాల ప్రయోగం కూడా చెప్పాలి. పిల్లలకి ఆ లిపి వచ్చు కాబట్టి, ప్రతి తెలుగు వాక్యం కింద అదే తెలుగు వాక్యాన్ని ఒడియా అక్షరాల్లో రాద్దామనుకున్నా. అనువాదం కాదు, తెలుగే, లిపి మాత్రం వేరు. పనస అన్న మాట ఒడియాలో కూడా దాదాపు అదే కాబట్టి ధైర్యం వచ్చింది. మొదటిసారి చదివించినప్పుడు వరండా నవ్వుల్తో ఎగిరిపోయింది. ఒడియాలో గుణింతం లేని అక్షరాన్ని "ఒ" కలిపి పలుకుతారు కదా, "పనస" కాస్తా "పొనొసొ" అయింది. పైగా ఒడియాలో ఎ, ఏలకి ఒకటే గుర్తు, ఒ, ఓలకీ అంతే, "తెలీలేదు"లో తె, లే రెండిటికీ ఒకటే గుర్తు పడుతుంది. అయినా తెలిసిన మాటలే కాబట్టి రెండోసారికి వాళ్ళే దిద్దుకుని చదివేశారు. సమస్య వేరేచోట వచ్చింది, మాస్టారు ముందే చెప్పారు, నేను వినలేదు. కింద తెలిసిన లిపి ఉంటే పైనున్న తెలుగు వైపు ఒక్కడూ చూడలేదు. అందుకని ఆ వాక్యాలన్నీ వెనక అట్ట లోపలి వైపుకి మార్చేశా, పేజీ నంబర్లతో, కావాల్సినవాళ్ళు తిప్పి చూసుకుంటారు.

తెలుగు అక్షరాల సైజు పెద్దగా పెట్టి, వరసల మధ్య జాగా ఇంగ్లీషుకి వదిలేదానికంటే బాగా ఎక్కువ వదలాలి, లేకపోతే కింద ఒత్తులు, పైన గుడులు కొట్టుకుంటాయి. లోపల మండలి ఫాంటు వాడా. కవరు మీద పేరుకి గిడుగు ఫాంటు, అవును, ఆయన పేరు మీదే ఫాంటు ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, పెద్ద సైజులో హెడ్డింగులకి బావుంటుంది.

ప్రెస్సు దగ్గర జరిగింది వింటే మీరు నవ్వుతారు, నేను నవ్వలేదు. ప్రెస్సు పేరు చెప్పను. నేను ఫైలు యూనికోడ్‌లో ఇచ్చా, వాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయాయి, "పిక్కల"లో క కింద ఒత్తు పోయి పొల్లు వచ్చింది. పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్లో మన లిపులకి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చెయ్యకపోతే ఇలాగే అవుతుంది. అక్కడి డీటీపీ కుర్రాడు పాపం సాయం చేద్దామని మొత్తం 24 మాటలూ వాళ్ళకి అలవాటైన, యూనికోడ్ కాని అను ఫాంటులో తిరిగి కొట్టాడు, కొడుతూ కొడుతూ "తప్పులు" కూడా దిద్దాడు. "ఎవులికీ సెప్పకు" కాస్తా "ఎవరికీ చెప్పకు" అయింది. ప్రూఫులో నేను మొదటి మాట పట్టుకుని మార్పించా, రెండో మాట చూసుకోలేదు. ఇప్పుడు 500 కాపీల్లో మా తాత "ఎవులికీ చెప్పకు" అంటాడు, అలా ఏ ఊళ్ళోనూ ఎవరూ అనరు. ఫైలు ఇచ్చేముందు అక్షరాలన్నీ కర్వుల్లోకి, అంటే ఫాంటుతో పని లేని బొమ్మల్లోకి, మార్చి పీడీఎఫ్ చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, ఒక్క క్లిక్కు పని.

ఇంకోటి పిన్ను. 8–9 పేజీలు పుస్తకం నట్టనడుమ వస్తాయి, అక్కడ మాత్రమే రెండు పేజీలూ ఒకే కాగితం, బొమ్మ చీలదు, అందుకే ఊరేగింపు మొత్తం అక్కడ పెట్టా. పిన్నులు కూడా అక్కడే బయటపడతాయని తెలిసి కూడా మర్చిపోయా. పై పిన్ను సరిగ్గా ఆవు కంట్లో దిగింది. కాగితానికి మెరుపు ఆర్ట్ పేపరు వద్దని మెరుపు లేని మాప్లిథో కాగితం తీసుకున్నా, వరండాలో ట్యూబులైటు వెలుగు పేజీ మీద పడి బొమ్మ కనబడదు కాబట్టి. మాప్లిథో రంగు పీల్చేస్తుంది, తొనల పసుపు ఒక మెట్టు తగ్గింది, దానికి ముందే సిద్ధపడి కొంచెం గాఢంగా వేసుకున్నా గనక బతికిపోయింది.

పుస్తకం వరండాకి చేరాక మొదటి వారం నేను వెనక కూర్చుని చూశా. మాస్టారు ఒకసారి చదివారు. రెండోసారికి "ఎవరూ చూడలేదు" దగ్గర పది గొంతులు "తాతా, ఎనక సూడు!" అని అరిచాయి. మూడో రోజుకి అక్షరాలు రాని పిల్లలు కూడా మాటల కింద వేలు పెట్టి మొత్తం "చదివేస్తున్నారు", చదవడం కాదు, గుర్తుపెట్టుకుని చెప్పడమే. కానీ ఒక పిల్ల మొదటి పేజీలో "తాత" అన్న మాట దగ్గర ఆగి, రెండు అక్షరాలూ ఒకటేనని, ఒకదానికి కొమ్ము లాంటిది ఎక్కువుందని మాస్టారికి చూపించింది. ఆయన ఆ రోజు పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టారు.

చివరి పేజీలో పళ్ళెం నిండా పిక్కలు, ఒక పీచు ముక్క, అంతే, మనుషులు లేరు. పండు అందరూ తిన్నారని నా ఉద్దేశం, చెప్పకుండా చెప్పాననుకున్నా. ఏడేళ్ళవాడొకడు పిక్కలన్నీ లెక్కపెట్టి, వెనక్కి తిప్పి ముక్కులన్నీ లెక్కపెట్టి, "అప్పా, తాతకి ఒక్క తొన కూడా మిగల్నేదేటి?" అని అడిగాడు, మొహం నిజంగానే దిగులుగా పెట్టి. నా దగ్గర జవాబు లేదు.

రెండో అచ్చుకి నా నోట్‌బుక్కులో మూడు రాసి ఉన్నాయి. ఆవుని అంగుళం కుడికి జరపాలి. చెప్పకు కాదు, సెప్పకు. చివరి పేజీలో ఒక మూల తాత మొహం సగం కనబడాలి, మీసానికి పసుపు పీచు.